నవ్వని మనిషి ఇల్లు

ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో నా కూతురు నన్ను వదిలేసి ఇంకొకామె మెడ పట్టుకుంది. ఆ ఇంకొకామెను ఇల్లిల్లూ తిరిగి, ఇద్దరిని కాదని, ఏరికోరి ఎంచుకున్నది ఎవరనుకున్నారు? నేనే.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. తార్నాకలో రెండు గదుల వాటా మాది. మా ఆయన శ్రీనివాసులు యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు వెతికి అందించే పని చేసేవాడు. అనంతపురం పక్కనించి వచ్చిన మాకు ఈ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. మా పద్మావతికి రెండు నిండి మూడు నడుస్తోంది. అమ్మవారి పేరని పెట్టుకున్నాం గానీ అంత పేరు రోజూ ఎవరు పిలుస్తారు, పద్దీ అనేవాళ్ళం.

ఆ జూన్ నెలలో లేడీస్ హాస్టల్లో నాకు పని దొరికింది. సామాను గది చూసుకోవడం, వంటవాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచడం, జ్వరమొచ్చిన ఆడపిల్లలకు జావ కాచి దగ్గర కూర్చుని తాగించడం. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఆ తాళాల గుత్తి నడుముకు దోపుకోగానే నా నడకే మారిపోయిందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. మారింది మరి. ఇంట్లో నేను పొద్దున్నించి ఏం చేశానో అడిగేవాళ్ళు ఉండరు. అక్కడ అంతమంది చదువుకునే పిల్లలు ఈశ్వరమ్మక్కా, ఈశ్వరమ్మక్కా అని వెంటపడేవాళ్ళు. ఆ పనంటే నాకు ప్రాణంగా ఉండేది.

అయితే పద్దీని ఎవరు చూస్తారు? తీసుకుపోతే వంటింట్లో పొయ్యిలు, మసిలే గుండిగలు. మొదటి నాలుగు రోజులూ మా ఆయన లైబ్రరీకి తీసుకుపోయాడు. అది బీరువాల మధ్య దూరి తప్పిపోయింది. అప్పుడు అరుంధతి అని తెనాలి పిల్ల, ఎమ్మే చదివేది, హాస్టల్లో నాకు బాగా చనువు, ఒక దారి చెప్పింది. క్యాంపస్‌లోనే మహిళామండలి గది ఒకటి ఉందట. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందట. పనికి పోయే తల్లుల పిల్లలను పగలంతా చూసుకునే ఇళ్ళను వాళ్ళే వెతికిపెడతారట. పిల్లకు పాలపొడి డబ్బా, పడుకోవడానికి చాప కూడా ఇస్తారట. పరాయి ఇంట్లో పిల్లను పెట్టడమేమిటని నేను నోరు నొక్కుకున్నాను. కానీ మరుసటి రోజే వెళ్ళాను.

ఆ గది నడిపేది వేదవతిగారు. కాకినాడ వైపు ఆవిడ, ప్రొఫెసరుగారి భార్య. ఎండైనా వానైనా చేతిలో గొడుగు లేనిదే అడుగు బయట పెట్టదు. తార్నాక, లాలాపేట, మెట్టుగూడ వీధుల్లో ఏ ఇంట్లో బుద్ధిగల ఆడమనిషి పగలంతా ఇంటిపట్టున ఉంటుందో ఆవిడకు తెలుసు. ఊరికే తెలుసుకోవడం కాదు. నేరుగా లోపలికి పోయి నీళ్ళ కుండ మూత తీసి చూసేది. పాలగిన్నె వాసన చూసేది. ఆ ఇంటాయన తాగుతాడా అని పక్కింటివాళ్ళను నదురూ బెదురూ లేకుండా అడిగేది.

"ఇళ్ళు మేం చూపిస్తామండీ. ఎంచుకోవలసింది మీరే," అంది నాతో. "నా మాట అడిగితే, పిల్ల ఎక్కడ మీ వంక తిరిగి చూడకుండా ఆడుకుంటుందో అదే మంచి ఇల్లు."

ఆ ఒక్క మాట నాకు ముల్లులా దిగింది. నా వంక తిరిగి చూడకుండానా?

మొదట మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌కు తీసుకుపోయింది. రైల్వేలో పనిచేసే సామేలు భార్య మార్తమ్మ. కడిగిన ముత్యంలా ఉంది ఇల్లు. ఆమె మాట కన్నా ముందు నవ్వు వచ్చేది. గుడ్డపేలికలతో బొమ్మ ఒకటి చేసి రెండు వేళ్ళతో ఆడించేసరికి, ఆమె ఇచ్చిన టీ నేను తాగేలోగా పద్దీ నా చంక జారి ఆమె ఒళ్ళో ఉంది. నన్నెవరో లోపల గిల్లినట్టయింది. రైలు పట్టాలు మరీ దగ్గరమ్మా, పిల్ల అటు పరుగెత్తితే ఎట్లా అని వేదవతిగారితో చెప్పి లేచాను. రెండోది తార్నాకలోనే. ఒక మాస్టారి కోడలు, మల్లెమొగ్గలా ఉంది. ఆ పిల్ల చేతిలో బిస్కెట్ చూసి మా పద్దీ వెనక్కి తిరగలేదు. ఇంట్లో కుక్క ఉందండీ, వద్దన్నాను. అది కళ్ళయినా సరిగ్గా తెరవని కుక్కపిల్ల.

మూడోది లాలాపేట. రాజలింగు అని రైల్వే గ్యాంగుమన్, అతని భార్య సత్తెమ్మ. యాభై దాటిన మనిషి. కొడుకులు పెద్దవాళ్ళై ఎక్కడెక్కడో పనుల్లో ఉన్నారు. నల్లగా, ఎత్తుగా, వాకిట్లో గుంజ పాతినట్టు నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నవ్వలేదు. వేదవతిగారిని చూసీ నవ్వలేదు. "ఏం పేరే నీది?" అని పద్దీని అడిగింది. ఆ అడగడం పోలీసువాళ్ళు దొంగను అడిగినట్టుంది.

పద్దీ ఒక్క అరుపు అరిచి నా కొంగు పట్టుకుని కాళ్ళ మధ్య దాక్కుంది. దాని పిడికిలి ఎంత గట్టిగా బిగిసిందంటే నా చీర కుచ్చిళ్ళు ఊడేంత పని అయింది. అప్పుడే నాలోపల ఖాయమైపోయింది.

"ఇక్కడే ఉంచుతానమ్మా," అన్నాను.

వేదవతిగారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "పిల్ల ఏడుస్తోంది కదండీ?"

"అలవాటైపోతుందిలే అమ్మా. ఇది దగ్గర కూడా."

సత్తెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు ఆలోచించలేదు. నవ్వని మనిషి, నవ్వించలేని మనిషి, పొద్దుగూకేదాకా పిల్లకు ఇంత పెట్టి కాపలా కాసే మనిషి. నాకు కావలసింది అదే. మనసు మాత్రం ఎక్కడికీ పోదు, నా దగ్గరే ఉంటుంది అనుకున్నాను.

మొదటి వారం నేను అనుకున్నట్టే జరిగింది. పొద్దున సత్తెమ్మ వాకిట్లో దించగానే పద్దీ పెట్టే ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. అందరు తల్లులకూ ఆ ఏడుపు వింటే కడుపు తరుక్కుపోతుంది. నాకూ తరుక్కుపోయేది. దాని అడుగున మాత్రం సన్నగా తియ్యగా ఉండేది. ఆ తీపితోనే యూనివర్సిటీ గేటు దాకా నడిచేదాన్ని.

ఒక పొద్దున ఏడుపు వినిపించలేదు. వెనక్కి వచ్చి తడిక సందులోంచి చూశాను. సత్తెమ్మ అరుగు మీద రెండు కాళ్ళూ బారచాపి కూర్చుని ఉంది. ఆ కాళ్ళ మీద మా పద్దీ వెల్లకిలా పడుకుని ఉంది. సత్తెమ్మ చేతిలో చాట. బియ్యం చెరుగుతూ, పాదాలు అటూ ఇటూ ఊపుతూ, నోటితో తిడుతోంది. పిల్లను కాదు. గోడ మీద కాకిని తిట్టింది. పక్కింటి మేకను తిట్టింది. రాత్రి డ్యూటీ చేసి ఇంకా ఇల్లు చేరని రాజలింగును తిట్టింది. ఆగకుండా, గొంతు పెంచకుండా, ఒకే వరసలో. ఆ తిట్లు వింటూ మా పద్దీ కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను జోలపాటలు పాడి పాడి గొంతు బొంగురుపోయినా పడుకోని పిల్ల.

అక్కడినించి నాకు నిప్పుల మీద నడకే.

సాయంత్రం నేను పోయేసరికి అది నిద్రలో ఉండేది. ఒకనాడు సత్తెమ్మ నన్ను గడప దగ్గరే ఆపింది.

"ఏందమ్మా, గింత జల్దీ ఒస్తివి. ఇప్పుడే పండుకున్నది. లేపకు."

"నా బిడ్డను నేను లేపుకుంటే నీకేమి?"

"లేపుకో. ఏడ్సినంక నన్నడగకు."

లేపాను. ఏడ్చింది. దారి పొడుగునా, తార్నాక చౌరస్తా దాటేదాకా, నా భుజం మీదినించి వెనక్కి చేతులు చాపి ఏడ్చింది. ఎదురొచ్చినవాళ్ళందరూ నేను ఎవరి పిల్లనో ఎత్తుకుపోతున్నట్టు చూశారు.

ఇంకోనాడు అది మేలుకునే ఉంది. నన్ను చూసి పరుగెత్తుకొస్తుందని చేతులు చాపాను. అది కదల్లేదు. లోపలికి తిరిగి, అచ్చం సత్తెమ్మ గొంతుతో, "హాస్టలమ్మొచ్చింది," అని కేకేసింది. సత్తెమ్మ నన్ను ఆ పేరుతో పిలుస్తుందని ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే నవ్వీ నవ్వీ పొలమారింది ఆయనకు.

"దాందేమి తప్పుమే? హాస్టల్లో పనిచేసేదానివి హాస్టలమ్మవే కదా."

"నేను దానికి అమ్మను."

"అందులో అమ్మ కూడా ఉందిలే," అన్నాడు. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు వేయలేదు.

తిండి దగ్గరా అదే గొడవ. మా వైపు సంగటి ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి ముందు పెడితే పళ్ళెం తోసేసేది. గటక కావాలనేది. మక్కల గటకలో మజ్జిగ పోసి సత్తెమ్మ పెడుతుందట. మక్కలంటే మేం మొక్కజొన్నలంటాం. సిగ్గు విడిచి పక్కింటామెను అడిగి నేనూ వండాను. పద్దీ ఒక ముద్ద తిని, నా మొహంలోకి జాలిగా చూసి, "గిట్ల గాదు," అంది. రెండున్నరేళ్ళ పిల్ల. కాళ్ళ మీద పడుకోబెట్టి ఊపి చూశాను. నా కాళ్ళు పొట్టివి. అది పక్కకు జారి చాప మీద పడి, అటు తిరిగి పడుకుంది.

ఇక దిష్టి సంగతి. దీపాలు పెట్టే వేళ పిల్లను గడప ముందు నిలబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. ఆ వానాకాలం దాన్ని రోజూ చేశాను. ఎదురింటివాళ్ళ పేర్లూ దారిన పోయేవాళ్ళ పేర్లూ గబగబా అనేసి, సత్తెమ్మ పేరు దగ్గరికొచ్చేసరికి నింపాదిగా, గట్టిగా అనేదాన్ని. మిరపకాయలు ఘాటు రాకుండా మాడిపోతే దిష్టి ఉన్నట్టు కదా. రోజూ ఘాటు రాలేదు. చూడు, ఆమె కన్ను ఎంత చెడ్డదో అని మా ఆయనకు చూపించాను. మిరపకాయలు పాతవి, మార్చు అన్నాడు.

వినాయకచవితి ముందు ఒక మధ్యాహ్నం ఆగకుండా వాన. కరెంటు పోయింది, హాస్టల్లో సాయంత్రం పలహారం వద్దనుకున్నారు. నన్ను తొందరగా పంపేశారు. తడుస్తూ లాలాపేట చేరి, చూరు కింద చీర పిండుకుంటున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపల సత్తెమ్మ పద్దీని పీట మీద నిలబెట్టి ఉంది. పిడికిట్లో ఉప్పు పట్టుకుని పిల్ల చుట్టూ తిప్పుతోంది. మా ఇంట్లో నేను తిప్పినట్టే, కుడివైపునించి మూడుసార్లు, ఎడమవైపునించి మూడుసార్లు.

"బాయికాడోళ్ళ కన్ను, బండెక్కి పోయెటోళ్ళ కన్ను, కన్నతల్లి కన్ను, సాకేదాని కన్ను, అన్ని పోవాలె," అంది.

నేను లోపలికి ఎట్లా పోయానో నాకు తెలియదు. ఒంటినించి నీళ్ళు కారుతున్నాయి.

"నా కన్నా? నా బిడ్డకు నా కన్ను తగులుతుందా?"

సత్తెమ్మ ఉలిక్కిపడలేదు. పిడికిలి తెరవకుండానే వాకిట్లోకి పోయి ఉప్పును చూరు నీళ్ళ కాలవలో విసిరింది. చెయ్యి కడుక్కుంది. అప్పుడు చెప్పింది.

"తగుల్తది. ఎవలదైన తగుల్తది. నాది తగల్దా? నీ ఇంటికి తోలేముందు రోజు తీస్త, నాది గూడ."

"నీదీ నాదీ ఒకటేనా?"

ఆమె పీట దగ్గరికి వచ్చింది. పద్దీ పాదాలకు అంటిన తడి తన కొంగుతో తుడిచి నాకు అందించింది. నేను పిల్లను లాక్కున్నట్టే తీసుకుని వానలోనే బయటికి నడిచాను. కన్నతల్లి కన్ను పడుతుందన్నదని కాదు నా మంట. మా పెద్దలూ అట్లాగే అనేవాళ్ళు. నవమాసాలు మోసిన నా కన్నునూ, పొద్దున తొమ్మిదికి తలుపు తీసే తన కన్నునూ ఒకే పిడికిట్లో పట్టుకుంది. అదీ నాకు మింగుడు పడనిది.

తెల్లారి పద్దీని చంకనేసుకుని వేదవతిగారి ముందు నిలబడ్డాను. ఇల్లు మార్చమన్నాను. ఆవిడ కూర్చోమని, దెబ్బ ఏమైనా తగిలిందా అని అడిగింది. లేదు. ఆకలితో ఉంచుతోందా? లేదు. రాజలింగు తాగి వస్తున్నాడా? పాపం, ఆయన టీ కూడా తాగడు.

"మరి ఏమిటండీ?"

"మూఢనమ్మకాలమ్మా. రోజూ దిష్టి తీస్తా ఉంది."

వేదవతిగారు పద్దీ వైపు చూసింది. దాని బుగ్గ మీద పొద్దున నేను పెట్టిన దిష్టిచుక్క, అర్ధణా అంత, నిగనిగలాడుతోంది. ఆవిడ చాలాసేపు ఆ చుక్కనే చూసింది.

"మీ పిల్ల, మీ ఇష్టం. వేరే ఇల్లు చూపించడానికే ఉన్నాం," అంది చివరికి. "కానీ ఆవిడకు నన్నేం చెప్పమంటారు?"

ఇల్లు దూరమవుతోందని చెప్పమన్నాను.

అట్లా మెట్టుగూడ మార్తమ్మ దగ్గరికే వచ్చి చేరాం. నేను వద్దని లేచి వచ్చిన నవ్వుల ఇల్లు. ఆ వేళకు నాకు నవ్వులు పర్వాలేదనిపించాయి, ఆ తిట్ల దగ్గరినించి పిల్ల బయటపడితే చాలు. మొదటి రోజు పద్దీ మార్తమ్మ ఇంట్లో అన్ని తలుపుల వెనకా వెతికింది. రెండో రోజూ వెతికింది. "సత్తవ్వేది?" అని ఇంటికొచ్చి అడిగింది. ఊరికి పోయిందన్నాను. తర్వాత గుడ్డబొమ్మ, చప్పట్లు, రైలు వస్తే చెయ్యి ఊపడం. మార్తమ్మ దేనికీ విసుక్కునేది కాదు. నేను పోయేసరికి పద్దీ చెప్పులు తొడిగి, తల దువ్వి, బొమ్మలా ముస్తాబు చేసి ఇచ్చేది. అది నా చంకెక్కి మార్తమ్మకు చెయ్యి ఊపేది. ఏడవకుండా ఇంటికి వచ్చేది. సంగటి తినేది కూడా.

వానలు వెనకబట్టి, క్యాంపస్‌లో సీతాఫలాల చెట్ల కింద పిల్లలు తిరిగే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం తల దువ్వుతూ ఊరికే అడిగాను, సత్తవ్వ ఏదే అని. పద్దీ తల తిప్పి నా మొహం చూసింది. ఆ పేరు ఎప్పుడూ విననట్టు చూసి, దువ్వెన లాక్కుని తనే దువ్వుకోవడం మొదలెట్టింది.

నేను గెలిచినట్టే కదా. ఆ పూట నాకు అన్నం సహించలేదు. అన్ని రోజులు ఆ కాళ్ళ మీద ఊగి, ఆ మెడ పట్టుకుని ఏడ్చిన పిల్ల, నెల తిరగ్గానే తుడిచేసింది. మరి పగలంతా కనబడని నన్ను?

"నీకు కావలసిందే కదమే," అన్నాడు మా ఆయన.

"కావలసిందే," అన్నాను.

ఆ వారంలోనే అరుంధతికి జ్వరం తగిలింది. కబురు అందుకుని వాళ్ళమ్మ తెనాలినించి రాత్రి బండికి బయల్దేరి, క్యారియర్ నిండా ఏవేవో చేసుకుని వచ్చింది. మంచం పక్కన కూర్చుని చారన్నం కలిపింది. అరుంధతి మొహం తిప్పుకుని, "వద్దమ్మా. ఈశ్వరమ్మక్క జావ ఉంటే తాగుతా," అంది. నేను అప్పుడే గ్లాసుతో గుమ్మంలో అడుగుపెట్టాను.

ఆవిడ నా వైపు తిరిగింది. పెద్దింటి మనిషి, గౌరవంగానే మాట్లాడింది. "ఏం కలుపుతావమ్మా అందులో?" అంది.

రాగులూ ఉప్పూ మజ్జిగేనని చెప్పాను.

"చిన్నప్పుడు జావంటే ఆమడ దూరం పారిపోయేది మా అమ్మాయి," అంది ఆవిడ, నా చేతిలోని గ్లాసును చూస్తూ.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ చూపూ తెలుసు. లాలాపేట వాకిట్లో ఎన్ని సాయంత్రాలు నేను అట్లా నిలబడ్డానో. ఆ అమ్మాయి తెనాలిలో తల్లి దగ్గర ఎన్నేళ్ళు పెరిగిందో నాకెందుకు, నాకు మాత్రం ఈశ్వరమ్మక్క జావ అన్న మాట వినగానే ఒళ్ళంతా పొంగింది. పొంగినందుకే గ్లాసు వేడెక్కినట్టయి, దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. మీరే తాగించండమ్మా, నాకు వంటింట్లో పనుంది అని వచ్చేశాను. వంటింట్లో పనేమీ లేదు. సామాను గదిలో బస్తాల మీద కాసేపు కూర్చున్నాను.

రెండు రోజులకు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, గేటు దగ్గర ఎవరో నీకోసం నిలబడ్డారక్కా అని పిల్లలు చెప్పారు. పోయి చూస్తే సత్తెమ్మ. ఉతికిన చీర కట్టుకుంది, తలకు నూనె పెట్టుకుంది. కొంగులో మూట కట్టిన సీతాఫలాలు. నన్ను చూసి నవ్వలేదు.

"పిల్లకు," అని మూట విప్పి పళ్ళు నా కొంగులో పోసింది. కళ్ళు విచ్చిన పళ్ళు, ఒక్కటీ పచ్చిది లేదు. "గొడుగమ్మ జెప్పింది. నీకు మా ఇల్లు దూరమైతున్నదట. మెట్టుగూడ దగ్గరనా?"

మెట్టుగూడ దూరమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పళ్ళు చూస్తూ నిలబడ్డాను. సత్తెమ్మ పోలేదు. హాస్టల్ గోడను చూసింది, దారిన పోయే రిక్షాను చూసింది. నడుముకున్న నా తాళాల గుత్తిని చూసింది. అప్పుడు అడిగింది.

"యాది జేస్తదా?"

నాకు నిజం తెలుసు. నిజం చెబితే ఆమె అట్లాగే తిరిగి వెళ్ళిపోతుంది, ఇక ఎప్పటికీ రాదు. వానాకాలమంతా నేను ఎదురుచూసిన మాట అది, నా నాలిక మీదే ఉంది.

"రోజూ అడుగుతుంది," అన్నాను.

"ఏమంటది?"

అంతటితో వదులుతుందనుకున్నాను. "సత్తవ్వ కాళ్ళ మీద పండుకుంటా అంటుంది," అన్నాను.

ఆమె తల ఊపింది. ఖాళీ కొంగు దులుపుకుని నడుముకు చుట్టి తార్నాక వైపు నడిచిపోయింది. ఆ పొడుగాటి కాళ్ళతో వేగంగా నడిచింది. నేను చూస్తూ ఉండిపోయాను. నోటితో అన్నాను గానీ, దాన్ని నిజం చేయాల్సిన బాధ్యత నెత్తినెక్కింది.

మళ్ళీ సత్తెమ్మ ఇల్లే కావాలని వేదవతిగారి దగ్గరికి పోతే, ఈసారి ఎందుకండీ అని అడిగింది. దగ్గరండీ అన్నాను. ఆవిడ గొడుగు నేలకు ఆనించి, పెదవి లోపలికి మడుచుకుంది. నవ్వు ఆపుకుందని నా అనుమానం. మార్తమ్మ మాత్రం బాహాటంగా నవ్వింది. గుడ్డబొమ్మ పద్దీ చేతిలోనే పెట్టి, ఉంచుకో తల్లీ అంది.

పొద్దున పద్దీకి కొత్త గౌను తొడిగి లాలాపేట తీసుకుపోయాను. వీధి మలుపు తిరిగేసరికి సత్తెమ్మ వాకిట్లోనే ఉంది. గుంజ పాతినట్టు, మొదటి రోజులాగే. వేదవతిగారు ముందే కబురంపినట్టుంది.

పద్దీని దించాను. పోవే, సత్తవ్వ అన్నాను.

పద్దీ ఆమెను చూసింది. చూసి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి నా కొంగు పట్టుకుని కాళ్ళ మధ్య దూరింది. పిడికిలి బిగించింది. ఆ వానాకాలమంతా, పొద్దునా సాయంత్రం, నేను తెలిసిన దేవుళ్ళందరినీ అడిగింది ఇదే. ఇంత గట్టిగా, నా మోకాళ్ళకు మొహం దాచుకుని, నేను తప్ప ఇంకెవరూ వద్దన్నట్టు.

సత్తెమ్మ పిల్లను చూడలేదు. నన్ను చూసింది.

"రోజు అడుగుతదన్నవు."

వెళ్ళి అరుగు మీద కూర్చుంది. కాళ్ళు బారచాపింది. పక్కనున్న చాట తీసుకుని, మా వంక చూడకుండా బియ్యం చెరగడం మొదలెట్టింది. గోడ మీద కాకి ఉంది. దాన్ని తిట్టడం మొదలెట్టింది. ఒకే వరసలో, గొంతు పెంచకుండా. కాకి అయిపోయింది. మేకకు వచ్చింది. మేక అయ్యాక రాజలింగుకు వచ్చింది. ఆ గొంతు ఇవాళ ఎక్కడో ఒక దగ్గర చిక్కుకుంటూ ఉంది గానీ ఆగలేదు.

నా మోకాళ్ళ దగ్గర పద్దీ తల కదిలింది. కొంగు వదల్లేదు, చెవి మాత్రం అటు పెట్టింది.

నేను వంగాను. దాని పిడికిలి పట్టుకుని ఒక్కొక్క వేలూ విప్పాను. చిటికెన వేలు అన్నిటికన్నా గట్టిగా పట్టుకుని ఉంది. అదీ విప్పి, కొంగు లాక్కుని బొడ్లో దోపుకున్నాను. పద్దీ ఖాళీ చేత్తో నిలబడింది. ఒక అడుగు వేసింది. కాకిని చూసింది. ఇంకో రెండు అడుగులు వేసి అరుగు అంచు మీద కూర్చుంది, బొమ్మను ఒళ్ళో పెట్టుకుని. ముందు బొమ్మను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. తర్వాత తను పడుకుంది.

తిట్లు ఆగలేదు. పాదాలు మాత్రం మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలెట్టాయి.

నా కడుపులో ఆ పాత మంట మళ్ళీ భగ్గుమంది. ఎక్కడికీ పోలేదది, బూడిద కింద అట్లాగే ఉంది. నడుము దగ్గర తాళాలు సర్దుకుని, చెప్పులేసుకుని, తడిక దగ్గర ఆగాను.

"సాయంత్రం దిష్టి తీయడం మర్చిపోవద్దు," అన్నాను.

"ఎవలది?" అంది సత్తెమ్మ, చాట మీదినించి తలెత్తకుండానే.

"ఇద్దరిదీ," అని చెప్పి, హాస్టల్‌కు వేళవుతోందని నడక అందుకున్నాను.